కాపురము మార్చుట: దాని లెక్కయు, క్రమమును

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిరి. ఆ కాలమున ఊరు విడిచి ఊరు పోవువారు తక్కువ గనుక మూడవ మాట చేర్చలేదు. నేడు ఉద్యోగము నిమిత్తమో, పిల్లల చదువు నిమిత్తమో, వృద్ధులైన తల్లిదండ్రులకు దగ్గఱగా నుండుటకో ఒక నగరమునుండి వేఱొక నగరమునకు కాపురము మార్చు కుటుంబములు ప్రతి వీథియందును గలవు. ఇల్లు కట్టువాడు ముందుగా అంచనా వేయించును. పెండ్లి చేయువాడు పట్టీ వ్రాసికొనును. కాపురము మార్చువాడు మాత్రము తఱచుగా లారీ బాడుగ యెంతయో కనుగొని, అదియే తన ఖర్చని తలంచి బయలుదేరును. తీర ఆ నెల గడచునప్పటికి చేతిలోని సొమ్ము చాలక, అధికవడ్డీకి అప్పు చేయవలసి వచ్చును. అట్టి యిబ్బంది కలుగకుండ ముందుగా లెక్క వేసికొనుట యెట్లో, ఏ పని యెప్పుడు చేయవలెనో నేనీ ప్రసంగమున మనవి చేయదలచితిని.

మాటలు గాలిలో నుండకుండుటకు ఒక నిదర్శనము తీసికొందము. భార్యాభర్తలు, ఇద్దఱు పిల్లలు గల యొక కుటుంబము హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవలెననుకొందము. ఈ రెండు నగరములకు నడుమ రోడ్డుమార్గమున దూరము సుమారు 570 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి షాద్‌నగరు, జడ్చర్లల మీదుగా పోయి, బీచుపల్లికడ కృష్ణను, కర్నూలుకడ తుంగభద్రను దాటి, గుత్తి, అనంతపురము, పెనుకొండ ప్రాంతములగుండ సాగి, బాగేపల్లివద్ద కర్ణాటకమున బ్రవేశించి, చిక్కబళ్లాపురము మీదుగా బెంగుళూరు చేరును. 2014 జూను 2వ తేదీకి పూర్వము ఈ ప్రయాణము రెండు రాష్ట్రములలో ముగిసెడిది. ఇప్పుడు మూడు రాష్ట్రములలో సాగుచున్నది. రాష్ట్రపు సరిహద్దు దాటుట పటములోని గీత దాటుట మాత్రమే కాదు. బండికి గట్టవలసిన పన్ను, పిల్లలు చదువవలసిన భాష మొదలైనవి ఆ గీతతోనే మాఱును. విజయవాడనుండి హైదరాబాదునకు పోవువారికైనను, హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు పోవువారికైనను నేను చెప్పు క్రమము సరిపోవును; అంకెలు మాత్రము వేఱగును.

మొట్టమొదట సొమ్మును మూడు కుప్పలుగా విభజించుకొనవలెను. మొదటిది మఱల రాని సొమ్ము. లారీ బాడుగ, కూలి, దళారి రుసుము, ప్రయాణపు ఖర్చు ఇందులోనివి. రెండవది నిలిచిపోవు సొమ్ము. క్రొత్త యింటి యజమానుని యొద్ద ధరావతుగా నుంచునది యిది. అది మనదే, కాని ఆ యిల్లు విడుచువఱకు మన చేతికి రాదు. మూడవది తిరిగి రావలసిన సొమ్ము. పాత యింటి ధరావతు, గ్యాసు ధరావతు, ఉద్యోగమిచ్చిన సంస్థ చెల్లించెదనన్న దారిఖర్చు ఇందులోనివి. రెండవ కుప్పలోని సొమ్ము ముందుగా ఇయ్యవలెను. మూడవ కుప్పలోని సొమ్ము ఆలస్యముగా వచ్చును. కాపురము మార్చువారిని కుంగదీయునది లారీ బాడుగ కాదు. ఈ రెంటి నడుమ గల యెడము.

ఇక కాలనిర్ణయము. ఎనిమిది వారములు ముందుగా పని ప్రారంభించుట మేలు. ఏప్రిలు మొదలు జూను వఱకు పాఠశాలల సెలవులు గనుక అందఱు నప్పుడే కదలుదురు. నెలాఖరునను, క్రొత్త నెల మొదటి రెండు మూడు దినములందును లారీలకు గిరాకి హెచ్చు. వారాంతములందును అంతే. నెల నడుమ, వారము నడుమ ఒక దినమును గోరినచో బాడుగ బేరము సులభముగ కుదురును. మనవారిలో పెక్కుమంది ఆషాఢము, పుష్యము వంటి శూన్యమాసములందు ఇల్లు మాఱరు. ఆ పట్టింపు గలవారు ముందుగానే ఒక మంచి దినమున క్రొత్త యింట పాలు పొంగించి తాళము వేసి వచ్చి, సామానును పిమ్మట వీలు చూచుకొని తరలించుచుందురు. ఆచారమును నిలుచును, బాడుగయు దగ్గును. అయితే పాలు పొంగించిన నాటినుండియు అద్దె నడచునని మఱవరాదు.

మొదటి వారమున చేయవలసిన పని సామానుల పట్టిక. ఒక నోటుపుస్తకము తీసికొని గది గదికిని బోయి, ఉన్నవన్నియు వ్రాయవలెను. ప్రతి వస్తువునకు ఎదురుగా మూడు మాటలలో నొకటి యుంచవలెను: తీసికొనిపోవునది, అమ్మునది, ఇచ్చివేయునది. ఏది తీసికొనిపోవలెను, ఏది అమ్మవలెను అను ప్రశ్నకు మనసును గాక కొలబద్దను అడుగవలెనని నా యభిప్రాయము. దాని నిట్లు వివరించెదను.

పదునాలుగు అడుగుల లారీ తొట్టి పొడవు 14, వెడల్పు 6, ఎత్తు 6 అడుగులనుకొన్నచో లోపలి పరిమాణము 504 ఘనపుటడుగులు. మూలలందును సందులందును కొంత వ్యర్థమగును గనుక 400 ఘనపుటడుగులే మనకు పనికివచ్చునని తలంతము. బాడుగ 24 వేల రూపాయలనుకొందము. ఈ యంకె లెక్క కొఱకు వేసికొన్నది. మీ బేరము మీరు పెట్టుకొనుడు. అప్పుడు ఒక్కొక్క ఘనపుటడుగునకు 60 రూపాయలు పడును. ముగ్గురు కూర్చుండు సోఫా ఆఱున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్నచో సుమారు 58 ఘనపుటడుగులు. అనగా దాని ప్రయాణపు టిక్కెట్టు దాదాపు 3,500 రూపాయలు. ఆ సోఫా యిక్కడ 4 వేలకు అమ్ముడుపోయి, అట్టిదే వాడినది అక్కడ 7 వేలకు దొరకునెడల, అమ్మి కొనుటలో మనకు పడు నష్టము 3 వేలు. తీసికొనిపోవుటకు 3,500. కాబట్టి అమ్ముటయే లాభము. ఇనుప బీరువా 30 ఘనపుటడుగులు. దాని టిక్కెట్టు 1,800. అది యిక్కడ 4 వేలకు పోయి, అక్కడ 9 వేలు పెట్టవలసి యున్నచో నష్టము 5 వేలు. కాబట్టి బీరువా మనతో రావలెను. మంచములు విప్పి పలకలుగా పేర్చినచో చోటు కొంచెమే పట్టును గనుక సాధారణముగ తీసికొనిపోదగినవే.

ఈ లెక్కతోపాటు చేరబోవు నగరపు శీతోష్ణములను గూడ తలంచుకొనవలెను. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. హైదరాబాదు ఇంచుమించు 540 మీటర్లు. హైదరాబాదులో వైశాఖమాసపు టెండలకు మనల కాపాడిన కూలరునకు బెంగుళూరులో అంత పని యుండదు. దానిని ఎండలు ముదురకముందే అమ్మినచో ఇక్కడ ధర పలుకును. పాత పత్రికలు, పగిలిన బాల్చీలు, ఎన్నడును తెఱవని అట్టపెట్టెలు ఒక్కొక్కటి 60 రూపాయల చోటును తినునని తెలిసినచో వానిని విడుచుటకు మనసు వచ్చును. అమ్మమ్మగారి రోకలి, తాతగారి పడకకుర్చీ మొదలగువాని సంగతి వేఱు. వానిని లెక్కలో చూడరాదు. అట్టివి నాలుగైదు ముందే నిర్ణయించుకొని, తక్కినవన్నియు కొలబద్దకు విడువవలెను.

రెండవ పని లారీ కుదుర్చుట. మూడు సంస్థలవారిని పిలిచి, సామానును కన్నులార చూపి, ధర వ్రాయించుకొనవలెను. ఫోనులో చెప్పిన ధర ధర కాదు. ఆ కాగితమున ఇవి స్పష్టముగ నుండవలెను: లారీ పూర్తిగా మనకా, లేక ఇతరుల సామానుతో కలిపియా, కట్టుట, ఎత్తుట, దింపుట, విప్పుట ఎవరి పని, లిఫ్టు లేనిచో అంతస్తునకు ఎంత, లారీ రాజాలని సన్నని వీథియైనచో చిన్నబండి ఖర్చు ఎవరిది, టోలు రుసుములు, పన్ను లోపలనే చేరినవా, వెలుపలివా. కట్టుట మొదలు దింపుట వఱకు ఒకే సంస్థ చేయునప్పుడు సాధారణముగ నూటికి 18 వంతున జి.ఎస్.టి. వేయుదురు. ఇతరుల సామానుతో కలిపి పంపినచో బాడుగ తగ్గును గాని, సామాను మఱునాడు గాక నాలుగైదు దినములకు రావచ్చును. నడుమ గోదాములలో ఎక్కించి దింపుటలో దెబ్బలు హెచ్చు.

అన్నింటికంటె తక్కువ ధర చెప్పినవానిని గుఱించి ఒక హెచ్చరిక. సామాను లారీ కెక్కిన తరువాత, అదనముగ నింత ఇచ్చినగాని దింపమని మొండికెత్తు మోసగాండ్రు కలరు. అప్పుడు మన కాపురమంతయు వారి చేతిలో నుండును. ముందుగా సొమ్మంతయు నియ్యక, బయలుదేరునప్పుడు కొంత, దింపిన పిమ్మట మిగిలినది ఇచ్చునట్లు వ్రాయించుకొనుటయు, సంస్థకు నిజముగా కార్యాలయమున్నదేమో పోయి చూచుటయు దీనికి తగిన మందు. లారీ నంబరును, డ్రైవరు ఫోను నంబరును వ్రాసికొని, ఎక్కించిన వస్తువుల పట్టికపై ఇరువురును సంతకములు చేయవలెను.

చట్టము మనకు కొంత రక్ష నిచ్చుచున్నది. 1865 నాటి పాత చట్టమునకు మాఱుగా రోడ్డుమార్గపు రవాణాకై 2007లో క్రొత్త చట్టము చేయబడినది. దాని నియమములు 2011లో వెలువడినవి. వాని ప్రకారము సరకు పోయినను, చెడినను రవాణాదారుని బాధ్యత బాడుగకు పదింతల వఱకే. అదియును మనము వ్రాసి యిచ్చిన విలువను మించరాదు. అంతకు హెచ్చు బాధ్యత కావలెనన్న హెచ్చు విలువను ముందే ప్రకటించి, అందులకై హెచ్చు రుసుము ఇయ్యవలెను. బాడుగ 24 వేలైనచో పదింతలు 2 లక్షల 40 వేలు. మీ సామాను విలువ 3 లక్షలైనచో మిగిలిన 60 వేలకు ఏర్పాటు మీరే చేసికొనవలెను. నష్టము జరిగినచో సరకు అప్పగించిన నాటినుండి 180 దినముల లోపల వ్రాతమూలముగ నోటీసు ఇయ్యనిదే దావా చెల్లదు. కాబట్టి రశీదును భద్రపఱచుడు. సామాను దిగిన దినముననే విఱిగినవానిని ఫొటోలు తీసి, లారీవాని కాగితముపై వ్రాసిన పిమ్మటనే సంతకము పెట్టుడు. బీమా చేయించితిమని సంస్థవారు చెప్పినచో, వారు సొంతముగా వ్రాసిన చీటీతో తృప్తి పడక, బీమా కంపెనీవారి పత్రమును చూపుమని యడుగవలెను. వాడుకలో నున్న ఇంటి సామానునకు జి.ఎస్.టి. నియమముల క్రింద ఈ-వే బిల్లు అక్కఱలేదు. అయినను ఇవి వాడిన గృహోపకరణములే యని మన సంతకముతో ఒక పట్టిక డ్రైవరు చేతి కిచ్చుట మంచిది.

లారీలో పెట్టరానివి కొన్ని గలవు. బంగారము, నగదు, చదువుల పట్టాలు, ఆస్తి దస్తావేజులు, మందులు మన చేతిసంచిలోనే యుండవలెను. గ్యాసు సిలిండరు, పెట్రోలు, కిరసనాయిలు ఎక్కింపరాదు. ఆవకాయ జాడీలను గుఱించి ఇల్లాండ్రు చింతింతురు. నూనె కారి పరుపులు చెడకుండ, ఊరగాయను బిగుతైన మూతగల చిన్న డబ్బాలలోనికి మార్చి మనతోనే తీసికొనిపోవుట యుక్తము. ఖాళీ జాడీలను గుడ్డలు చుట్టి లారీలో నుంచవచ్చును. రైలులో పోవువారికి స్లీపరు తరగతిలోను, మూడవ ఏ.సి. తరగతిలోను పెద్ద టిక్కెట్టు ఒక్కింటికి 40 కిలోల సామాను ఉచితము. దంపతు లిరువురకు 80 కిలోలు. మొదటి మూడు దినములకు కావలసిన బట్టలు, పడకలు, వంటపాత్రలు, పిల్లల పుస్తకములు అందులో ఇమిడిపోవును. లారీ ఒకటి రెండు దినములు ఆలస్యమైనను ఇంట పొయ్యి వెలుగును. ఫ్రిజ్జును ముందునాడే ఖాళీ చేసి, మంచు కరగించి, తుడిచి, నిలువుగానే యెక్కింపవలెను. దింపిన వెంటనే స్విచ్చి వేయక కొన్ని గంటలు నిలువనీయవలెను. పుస్తకములను చిన్నపెట్టెలలో సర్దవలెను; పెద్దపెట్టె నిండ పుస్తకములు పెట్టినచో కూలివాడును మోయలేడు, పెట్టెయు నిలువదు.

బండ్ల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. స్కూటరును లారీలో గాని, రైల్వే పార్సెలు కార్యాలయము ద్వారా గాని పంపవచ్చును. రైలులో పంపునప్పుడు పెట్రోలు పూర్తిగా తీసివేసి, రిజిస్ట్రేషను పత్రపు నకలు జతపఱచవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రమున నమోదైన బండి వేఱొక రాష్ట్రమున 12 నెలలకు మించి యున్నచో అక్కడ క్రొత్త నంబరు పొందవలెను. అందుకు పాత రిజిస్ట్రేషను కార్యాలయమునుండి నిరాక్షేపణ పత్రము తేవలెను. బండిపై అప్పున్నచో బ్యాంకు సమ్మతియు కావలెను. క్రొత్త రాష్ట్రమున బండి వయసును బట్టి జీవితకాలపు పన్ను కట్టి, పాత రాష్ట్రమున మిగిలిన కాలమునకు చెందిన పన్నును తిరిగి యిమ్మని దరఖాస్తు చేసికొనవచ్చును. కారు పాతదైనచో ఈ పన్ను, ఈ తిరుగుళ్లు చూచుకొని, ఇక్కడనే అమ్ముట మేలేమో లెక్క వేయవలెను. తఱచుగ రాష్ట్రములు మాఱవలసిన ప్రభుత్వోద్యోగులకును, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములందు కార్యాలయములు గల ప్రైవేటు సంస్థల ఉద్యోగులకును 2021లో భారత్ శ్రేణి నంబరు ఏర్పఱచబడినది; ఆ నంబరు గలవారికి ఈ చిక్కు లేదు.

క్రొత్త యింటిని చూడకుండ కుదుర్చుకొనరాదు. కుటుంబములో నొకరు ముందుగా పోయి, రెండు దినములుండి చూచి రావలెను. ఆ ప్రయాణపు ఖర్చు దండుగ కాదు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె ధరావతుగా పుచ్చుకొనుట వాడుక. బెంగుళూరులో పూర్వము పది నెలల అద్దె నడుగు నాచారముండెడిది. ఇప్పటికిని కొన్ని యిండ్లకు ఐదాఱు నెలలది యడుగుదురు. 2021 నాటి కేంద్రప్రభుత్వపు నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల పరిమితి సూచించినది గాని, దానిని రాష్ట్రములు స్వీకరించిననే అది అమలునకు వచ్చును. కాబట్టి బేరమే మన యాయుధము. అద్దె కొంచెము హెచ్చించియైనను ధరావతు తగ్గించుకొనుట అప్పు చేయుటకంటె మేలు కావచ్చును. అద్దె పత్రమున పదునొకండు నెలల గడువు వ్రాయుట పరిపాటి. ఏడాదికి మించిన కౌలునకు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నమోదు తప్పనిసరి యగుటయే అందులకు కారణము. ఇల్లు విడుచునప్పుడు రంగుల నిమిత్తము ఎంత మినహాయింతురో ఆ పత్రముననే వ్రాయించుకొనుడు. నీరు కావేరిదా, బోరుదా, ట్యాంకరుదా అని తప్పక విచారింపుడు. 2024 వేసవిలో బెంగుళూరున బోర్లు ఎండి ప్రజలు పడిన యిక్కట్లు అందఱు నెఱిగినవే. ట్యాంకరు నీటి ఖర్చు నెలనెలా అద్దెకు తోడగును.

పత్రముల పని నాలుగు వారములు ముందుగా మొదలిడవలెను. గ్యాసు ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, ధరావతు పుచ్చుకొని, రద్దుపత్రము తీసికొనవలెను. క్రొత్త ఊరిలో దానిని చూపి, అప్పటి ధరావతు కట్టి కనెక్షను పొందవచ్చును. పాఠశాలలో బదిలీపత్రము ముందే యడుగవలెను. కన్నడమును పాఠశాలలలో మొదటి లేక రెండవ భాషగా నేర్పవలెనని కర్ణాటకము 2015లో చట్టము చేసినది గనుక, చేరబోవు పాఠశాలలో ఏ తరగతికి ఏ భాష యని విచారించుట అవసరము. కన్నడలిపి తెలుగులిపికి తోబుట్టువు గనుక తెలుగు చదువనేర్చిన పిల్లలకు అది శ్రమ కాదు. ఓటు మార్పునకు 8వ నంబరు ఫారము; ఆధారులోను, బ్యాంకులోను చిరునామా మార్పు. పాత యింటి కరెంటు మీటరు అంకెను విడుచునాడు ఫొటో తీసి యుంచవలెను. ఖాళీ యింటి గదుల ఫొటోలు గూడ ధరావతు తిరిగి యడుగుటకు సాక్ష్యము.

ఇక నిదర్శనపు లెక్కను పూర్తి చేయుదము. అంకెలు ఊహింపబడినవే, పద్ధతి ముఖ్యము. పాత అద్దె 20 వేలు, పాత ధరావతు 40 వేలు. క్రొత్త అద్దె 25 వేలు, క్రొత్త ధరావతు ఆఱు నెలలది, అనగా లక్షా 50 వేలు. లారీ బాడుగ 24 వేలు, కట్టుబడి కూలి 9 వేలు, వెరసి 33 వేలు. దానిపై నూటికి 18 వంతున పన్ను 5,940. మూడు లక్షల సామానునకు నూటికి రెండు వంతున బీమా 6 వేలు. ప్రయాణము, భోజనములు 6 వేలు. రెండిండ్లకును అద్దె నడచు పదునైదు దినములకు 12,500. దళారి రుసుము 25 వేలు. పాత యింటి రంగుల మినహాయింపు 20 వేలు. క్రొత్త యింట తెరలు, కొళాయిలు, కరెంటు పనులు 10 వేలు. మొత్తము 1,18,440. అనుకొననివానికై పదవ వంతుగా 12 వేలు చేర్చినచో 1,30,440. ఇది మఱల రాని సొమ్ము. పిల్లల పాఠశాల ప్రవేశపు రుసుము దీనికి వెలుపలిది; అది పాఠశాలను బట్టి యుండును గనుక వేఱు పద్దుగా నుంచుడు.

ఇందులో రంగుల 20 వేలు పాత ధరావతునుండి పోవును గనుక ఆ నెల చేతినుండి ఇయ్యవలసినది 1,10,440. దానికి క్రొత్త ధరావతు లక్షా 50 వేలు కూడగా 2,60,440. పాత ధరావతులో మిగిలిన 20 వేలు ఇల్లు విడిచిన పిమ్మట గాని రావు. లారీవాడు చెప్పిన 24 వేలెక్కడ, చేతిలో నుండవలసిన 2 లక్షల 60 వేలెక్కడ! పదింతలకు పైబడినది. ఈ సొమ్ము లేనివారు కదలరాదని నా యభిప్రాయము కాదు. లేదని ముందే తెలిసినచో మార్గములు గలవు. భర్తయో, భార్యయో ముందుగా పోయి ఒక గదిలో రెండు మూడు నెలలుండి, జీతము కూడబెట్టి, పిమ్మట కుటుంబమును పిలిపించుకొనవచ్చును. ధరావతును రెండు వాయిదాలలో పుచ్చుకొమ్మని యజమానుని యడుగవచ్చును. ఉద్యోగమిచ్చువారిని, ఒప్పందముపై సంతకము చేయకముందే, దారిఖర్చు నిత్తురా, ఇచ్చినచో ముందా వెనుకయా అని యడుగవచ్చును. సంతకము చేసిన పిమ్మట అడిగిన ప్రశ్నకు బలము తక్కువ.

చివరగా అన్నింటికిని మూలమైన ప్రశ్న యొకటి గలదు. ఈ కదలిక మనకు లాభమా? క్రొత్త యుద్యోగమున జీతము నెలకు 15 వేలు హెచ్చినదనుకొందము. అద్దె 5 వేలు హెచ్చినది. నీరు, రాకపోకలు మొదలైనవి 2 వేలు హెచ్చినవి. నికరముగ మిగులునది 8 వేలు. మఱల రాని సొమ్ము 1,30,440ని 8 వేలతో భాగించినచో పదునాఱు నెలలకు పైగా వచ్చును. అనగా పదునేడవ నెలలో గాని ఈ కుటుంబమునకు మొదటి రూపాయి లాభము రాదు. ఆ యుద్యోగము ఏడాదిలో ముగియునదైనచో, జీతము హెచ్చినదని సంతోషించుచునే వారు నష్టపోవుదురు. మూడేండ్లు నిలుచునదైనచో నిశ్చింతగా పోవచ్చును. జీతము హెచ్చకపోయినను తల్లిదండ్రుల దగ్గఱ నుండుటకో, బిడ్డ వైద్యమునకో పోవువారు గలరు. వారికిని ఈ లెక్క అనవసరము కాదు. తాము కోరిన మేలునకు ఎంత వెల యిచ్చుచున్నారో తెలిసి యిత్తురు.

కాబట్టి నా మనవి యింతే. లారీవానిని పిలుచుటకు ముందొక సాయంకాలము భార్యాభర్తలు, ఇంట పెద్దలున్నచో వారును గూడ కూర్చుండి, ఒక కాగితముపై మూడు గీతలు గీసి, పోవు సొమ్ము, నిలుచు సొమ్ము, వచ్చు సొమ్ము అని వ్రాసికొనుడు. మీ మీ యంకెలు వేసికొని, పదవ వంతు కలుపుడు. ఆ మొత్తము మీ చేతిలో నుండు దినము ఎప్పుడు వచ్చునో చూచి, ఆ దినమునుండి వెనుకకు ఎనిమిది వారములు లెక్కించి పని మొదలుపెట్టుడు. క్రొత్త ఊరిలో మొదటి నెల అప్పులవాని కొఱకు గాక, ఇరుగుపొరుగుల పరిచయము కొఱకు మిగులును.